తగ్గిందని చెప్పాను

జనవరి 23, 2024. మంగళవారం. ఉదయం 6:10

318.

చెయ్యి కడిగించి మళ్ళీ చూశాను. 322.

మీటర్ చెడిపోయిందేమోనని నా వేలు కూడా పొడుచుకున్నాను. నాది 94. మీటర్‌కి ఏ రోగమూ లేదు.

మనూ మంచం మీద కూర్చుని నా మొహమే చూస్తోంది. ఎంతొచ్చింది మమ్మీ అని అడిగింది. నూట పది అన్నాను. పన్నెండేళ్ళ పిల్ల, అంకెలు చదవడం రాదా? మీటర్ నా చేతిలోంచి తీసుకుని చూసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.

ఈ డైరీ కొత్త సంవత్సరానికి స్కూల్ వాళ్ళు ఇచ్చింది. ఇన్నాళ్ళూ గ్యాస్ బుకింగ్ నంబర్ తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ రాయకపోతే ఎవరి దగ్గరో వాగేస్తానని భయంగా ఉంది.

అదే రోజు. మధ్యాహ్నం

తొమ్మిదో తరగతికి ప్రశ్నలు బోర్డు మీద రాసి, జవాబులు మీరే రాసుకోండని కూర్చున్నాను. పాఠం చెప్పే ఓపిక లేదు.

మొన్న అక్టోబర్‌లో మనూ ఉన్నట్టుండి చిక్కిపోయింది. బిందెలకు బిందెలు నీళ్ళు తాగేది. నల్లగొండ డాక్టర్ షుగర్ అన్నాడు. పెద్దవాళ్ళకొచ్చే షుగర్ కాదట, మాత్రలు పనిచేయవట, రోజుకి నాలుగు సూదులట, జీవితాంతం. డిసెంబర్‌లో నకిరేకల్‌లో మా చర్చి సంఘం వాళ్ళు మూడు రోజులు స్వస్థత కూటాలు పెట్టారు. పాస్టర్ అయ్యగారు మనూ నుదుటికి నూనె రాసి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆ వారం నుంచే షుగర్ దిగింది. సూది తగ్గిస్తూ వచ్చాను. క్రిస్మస్ నాటికి పూర్తిగా ఆపేశాను. కేకు తిన్నా 120 దాటలేదు! దేవుడు కాక ఇంకెవరు?

జనవరి ఒకటిన ఆరాధనలో ఏటా లాగే బుట్టలోంచి తలా ఒక వాగ్దానం కార్డు తీశాం. దాని మీద ఏ మాట ఉంటే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే. నాకు స్వస్థత మాటే వచ్చింది. ఇంకేం కావాలి? లేచి మైకు అందుకున్నాను. నా బిడ్డకు షుగర్ తగ్గింది, ఇక సూది అక్కరలేదు అని సాక్ష్యం చెప్పాను. సంఘమంతా హల్లెలూయా అని లేచి నిలబడింది. ఎవరో ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. ప్రార్థన కావలసినవాళ్ళు అడగొచ్చని కింద నా నంబర్ కూడా వేశారు.

చెప్పే ముందు డాక్టర్‌ని ఒక్కమాట అడగాల్సింది. అడిగితే విశ్వాసం లేనట్టు అనిపించింది.

పొద్దున ఫ్రిజ్‌లో మిగిలిన పాత సీసాతో సూది వేశాను. పొట్ట చూపిస్తూ మనూ అడిగింది, దేవుడు తగ్గించిండు గదా మమ్మీ, మళ్ల సూదెందుకు అని. డాడీకి చెప్పకు అన్నాను. ఎవ్వరికీ చెప్పకు అన్నాను.

జనవరి 24

264. ఇవాళ కూడా ఎవరికీ చెప్పలేదు.

జనవరి 26. శుక్రవారం

జెండా వందనం అయ్యాక మెడికల్ షాపుకి వెళ్ళాను. అబ్దుల్ హమీద్ భాయ్ ఇన్సులిన్ సీసాని ఐసు ముక్కలతో కవర్లో చుడుతూ, గీ సీసా ఎవరికి టీచరమ్మా, మీ బిడ్డకు తగ్గిందని వీడియో చూస్తిమి గదా అన్నాడు. చుట్టాలకి అన్నాను. ఏ చుట్టాలని అడగలేదు. జర ఎండకు పెట్టకుండ తీస్కపొండ్రి అన్నాడు అంతే.

ఫ్రిజ్‌లో దోసెల పిండి గిన్నె వెనకాల దాచాను. నా ఇంట్లో నేనే దొంగని.

జనవరి 27

ఆయనకి చెప్పలేను. ఎందుకో రాసి పెట్టుకుంటే ధైర్యం వస్తుందేమో.

మా ఆయన శివకుమార్ నిమ్మకాయల మార్కెట్ నుంచి హైదరాబాద్‌కి డీసీఎం లారీ తోలుతాడు. పన్నెండేళ్ళుగా తాగుడు. నేను ఏడ్చినా మానలేదు, అయ్యగారు తిట్టినా మానలేదు. జనవరి ఒకటిన నేను మైకు దించిన తర్వాత ఆయన ముందుకొచ్చి మోకాళ్ళూనాడు. నా బిడ్డను బాగుచేసిన దేవునికి నేను మాటిస్తున్న, ఇగ ముట్ట అన్నాడు. ఇవాళ్టికి ఇరవై ఏడు రోజులు. సాయంత్రం ఇంటికొస్తే మనూ ఎదురెళ్ళి వాసన చూస్తుంది. లేదు మమ్మీ అని అరుస్తుంది. ఆయన నవ్వుతాడు.

ఆ బిడ్డ బాగుపడలేదని ఏ నోటితో చెప్పను?

ఫిబ్రవరి 2. శుక్రవారం. సాయంత్రం

చాలా తప్పు పని చేశాను.

ఐదింటికి ఫోన్. రామన్నపేట అవతలి పల్లె, పేరు శైలజ అంది. వ్యవసాయం చేసుకునేవాళ్ళు. మన దేవుణ్ణి ఎరిగినవాళ్ళు కాదు. ఐదేళ్ళ కూతురు, హాసిని అట, దానికీ మనూకున్న షుగరే. పొడిచి పొడిచి బిడ్డ తొడలు గట్టివడ్డయి అక్కా, సూది చూస్తేనే మంచం కిందికి ఉరుకుతది, మీ వీడియో పదిసార్లు చూసిన, మీరు సూది ఎన్నడు ఆపిన్రు, ఒక్కపారే ఆపిన్రా, కొంచెం కొంచెం ఆపిన్రా అని అడిగింది. ఊపిరి తీసుకోకుండా అడిగింది పాపం.

చెప్పేయొచ్చు. తగ్గలేదమ్మా అంటే రెండు మాటలు. కానీ మా స్త్రీల కూడిక పెద్ద గోవిందమ్మ నా ఎదురుగా కూర్చుని ఉంది. ఎవరు బిడ్డా, సాక్ష్యం ఇని చేస్తున్నరా అని సైగ చేస్తోంది. పక్క గదిలో మనూ అప్పుడే సూది వేసుకుని దూది పొట్టకి అదుముకుని నిలబడింది.

విశ్వాసంతో ఉండమ్మా అన్నాను. మాకు చేసిన దేవుడు మీకూ చేస్తాడు అన్నాను. అక్కడితో ఊరుకోలేదు ఈ పాపిష్టి నోరు. మధ్యలో ఎవరో ఒకరు వచ్చి ఆపుతారు, ఎవరేమన్నా విశ్వాసం వదలొద్దు అని కూడా అన్నాను.

గోవిందమ్మ నా తల నిమిరి, నీ నోటిని దేవుడు వాడుకుంటుండు బిడ్డా అంది.

ఫిబ్రవరి 3

శైలజకి ఫోన్ చేసి నిజం చెప్పమంటావా ప్రభువా అని అడిగి, కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచాను. వేలు పెట్టిన చోట ఎవరు ఎవరిని కన్నారో పేర్ల వరస. మళ్ళీ తెరిచాను. గోత్రాల జనాభా లెక్క. మూడోసారి ఇంటి గోడలకి మచ్చలు పడితే యాజకుడు ఏం చేయాలో వచ్చింది. మా బాత్రూం గోడకి నిజంగానే చెమ్మ ఉంది, కానీ నేనడిగింది అది కాదు కదా.

చీటీలు రాశాను. చెప్పు అని ఒకటి, చెప్పకు అని ఒకటి. ప్రార్థన చేసి మనూ చేత తీయించాను. చెప్పకు అని వచ్చింది.

ఎంత సంతోషం వేసిందో! ఆ సంతోషం చూసుకుని ఒళ్ళు జలదరించింది. మూడింట్లో రెండు అనుకుని మళ్ళీ తీయమన్నాను. మనూ తీయలేదు. ఏమొస్తే ఆపుతవ్ మమ్మీ అంది.

ఫిబ్రవరి 6

స్టాఫ్‌రూంలో ఎవరూ లేనప్పుడు శైలజకి ఫోన్ చేశాను. రెండు రింగులు పోగానే కట్ చేశాను. ఆమె తిరిగి చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఫోన్ తిరగేసి పెట్టి, కాపీలు దిద్దుతూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 7

అయ్యగారు వచ్చారు. 18 నాటి ఆరాధనకి చుట్టుపక్కల సంఘాల వాళ్ళు వస్తారట, మనూని పక్కన నిలబెట్టుకుని నేను మళ్ళీ సాక్ష్యం చెప్పాలట. ఆయన మంచివాడు. మనూ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మూడు రాత్రులు వరండాలో పడుకున్నాడు. సరే అయ్యగారూ అన్నాను. టీ పెట్టడానికి ఫ్రిజ్ తెరిస్తే ఆయన కుర్చీలోంచి పిండి గిన్నె కనిపిస్తోంది. పాలు ఒలకబోశాను.

ఫిబ్రవరి 11. ఆదివారం

సండే స్కూల్లో ఈ వారం పాఠం నేను ఎంచుకున్నది కాదు, పుస్తకంలో వరసగా వచ్చింది. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని, అంతా తెచ్చామని సంఘం ముందు అబద్ధం చెప్పి, నిలబడ్డ చోటే పడి చచ్చిన మొగుడూ పెళ్ళాల కథ. ఏటా చెబుతాను. ఏటా పిల్లలు పడిపోయినట్టు నటించి నవ్వుతారు. ఇవాళ కూడా ధబీమని పడి నవ్వారు. మనూ నవ్వలేదు. చాప అంచు పీకుతూ కూర్చుంది.

ఇంటికి నడిచి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని, మమ్మీ మనం గూడ పడిపోతమా అంది.

లేదు అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. అప్పటి నుంచి మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 12. సోమవారం

స్కూల్‌కి సెలవు పెట్టి మనూని నల్లగొండ డాక్టర్‌కి చూపించాను. పాత చీటీ చూసి, మధ్యలో సూది ఆపారా అని అడిగాడు. కొద్ది రోజులు అన్నాను. తల పట్టుకున్నాడు. మొదట్లో కొన్ని నెలలు ఒంట్లో మిగిలిన కొంచెం ఇన్సులిన్ పనిచేస్తుందట, చాలామంది పిల్లల్లో షుగర్ దానంతటదే దిగుతుందట, తల్లిదండ్రులు తగ్గిపోయిందని మోసపోతారట, తర్వాత అదీ ఆగిపోతుందట. మీ అదృష్టం, తొందరగా చూసుకున్నారు అన్నాడు. చిన్నపిల్లలైతే రెండు రోజులు ఆపినా కక్కులు, ఎగశ్వాస, నోట్లోంచి మురిగిన పండు వాసన, ఇక చేతిలో ఉండరు అన్నాడు.

ఐదేళ్ళ పిల్లయితే ఎన్ని రోజులు సార్ అని అడిగాను. ఎవరు ఆ పిల్ల అన్నాడు. ఊరికే అడిగాను అన్నాను.

బస్సులో శైలజ నంబర్ తీశాను. వేలు కదలలేదు. ప్రభువా, రేపు సాయంత్రంలోగా ఆమే ఫోన్ చేస్తే అది నీ సూచన, అప్పుడు అంతా చెప్పేస్తాను అని మొక్కుకున్నాను. చేయకపోతే చెప్పక్కరలేదని ఆశ. ఎందుకు దాచడం, అదే ఆశ.

ఫిబ్రవరి 13. మంగళవారం. సాయంత్రం ఆరు. నల్లగొండ, ఆసుపత్రి బెంచీ మీద

శైలజ ఫోన్ చేసింది.

11:20, ఇంటర్వెల్. ఆదివారం పొద్దటి సంది సూది ఆపినం అక్కా, రాత్రి నుంచి బిడ్డ కక్కుతాంది, రోగం ఎల్లిపోయేటప్పుడు గిట్లనే అయితదా, మీ బిడ్డకు గూడ గిట్లనే అయిందా అని అడిగింది. గొంతులో భయం లేదు. ఆశ ఉంది. అదే నన్ను చంపింది.

గ్రౌండ్‌లో నిలబడి అరిచాను. మా బిడ్డకు తగ్గలేదు, రోజూ నాలుగు సూదులు వేస్తున్నాను, నేను అబద్ధం చెప్పాను, వెంటనే దవాఖానకు తీసుకెళ్ళు అన్నాను. పిల్లలంతా ఆగి చూశారు. శైలజ మెల్లగా, నాకు తెలుసు అక్కా, నన్ను పరీక్షవెడుతున్నవ్ అంది. ఎవరన్నా వచ్చి ఆపుతరని నువ్వే చెప్పినవ్ గదా అంది. పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు.

ఆయనకి ఫోన్ చేసి, బండి తీసుకుని స్కూల్‌కి రా అన్నాను. క్లాసులోంచి మనూని, దాని సూదుల డబ్బాని లాక్కొచ్చాను. డీసీఎంలో ముగ్గురం. నకిరేకల్ దాటకముందే అంతా చెప్పేశాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. నా బిడ్డతోని గూడ అబద్ధమాడిపించినవ్ అన్నాడు.

రామన్నపేట దాటి, దారి అడుగుతూ పల్లెలో శైలజ ఇంటికి చేరాం. గుమ్మంలోనే నా గొంతు వినిపించింది. దేవుడి పటాల కింద చాప మీద ఆ పిల్ల, దాని తల పక్కన ఫోన్, అందులో నేను. నా బిడ్డకు షుగర్ తగ్గింది అని చెబుతున్నాను. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి చెబుతున్నాను. పిల్ల కళ్ళు సగం మూసి, ఎగశ్వాస పీలుస్తోంది. డాక్టర్ చెప్పిన వాసన గది నిండా ఉంది.

శైలజ నా కాళ్ళకి దండం పెట్టింది. వచ్చినవా అక్కా, జర చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యి అంది. పాతికేళ్ళుండవు ఆమెకి. భుజాలు పట్టుకుని ఊపాను. అబద్ధం శైలజా, అంతా అబద్ధం అన్నాను. ఆమె నవ్వింది. తల అడ్డంగా ఊపుతూ నవ్వింది. నేను వదల అక్కా, నా విశ్వాసం గట్టిది అంది. ఓరి దేవుడా, నిజం చెబితే నమ్మే మనిషి లేదు!

అప్పుడు మనూ కింద కూర్చుంది. డబ్బా తెరిచి, సీసాలోంచి మందు లాగి, యూనిఫాం చొక్కా ఎత్తింది. పొట్ట మీద ఎన్ని మచ్చలో, అవన్నీ ఒక్కచోట ఆ వెలుతురులో నేనూ మొదటిసారి చూశాను. సూది గుచ్చుకుంది. గీ మచ్చలు చూడుండ్రి ఆంటీ, గిది మొన్నటిది, గిది నిన్నటిది, గిది పొద్దటిది అంది. మమ్మీ అబద్ధం చెప్పింది, నేను గూడ చెప్పిన అంది.

శైలజ నవ్వు ఆగిపోయింది. ఆ మొహం నేను రాయలేను.

ఆయన పిల్లని రెండు చేతుల మీద ఎత్తుకుని బండి వైపు పరిగెత్తాడు. దారంతా శైలజ నా వైపు చూడలేదు. ఇప్పుడు పిల్ల లోపల ఐసీయూలో ఉంది. ఇంకో పూట ఆగితే ఏమీ చేయలేకపోయేవాళ్ళం, ఇప్పుడు కూడా చెప్పలేం అన్నాడు డాక్టర్. నిన్న నేను అడిగిన పిల్ల ఇదేనని ఆయనకి అర్థమైంది.

ఫిబ్రవరి 14

హాసిని కళ్ళు తెరవలేదు.

నేను వెతికింది జవాబు కాదు. మొదటి రోజు మీటర్‌లోనే జవాబుంది. తెలిసినదాన్ని ఇంకోలా చెప్పమని మూడు వారాలు దేవుణ్ణి బతిమాలాను. చీటీలు తీయించాను. ఆయన మాట్లాడలేదని ఎలా అంటాను?

ప్రభువా, శిక్ష నాకెయ్యి. ఆ పిల్లని వదిలెయ్యి. మా పిల్లనీ వదిలెయ్యి.

ఫిబ్రవరి 15. ఉదయం 9

కళ్ళు తెరిచింది. నీళ్ళడిగింది. శైలజ ఐసీయూ తలుపు దగ్గర కూలబడి ఏడ్చింది. దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

ఫిబ్రవరి 16

అయ్యగారికి చెప్పాను. జనం విశ్వాసం చెదురుతది తల్లీ, కూటం అయినంక నెమ్మదిగ జెప్పుదాం అన్నాడు. ఆయన కళ్ళలోనూ భయమే. అది నాకు బాగా తెలిసిన భయం.

ఫిబ్రవరి 18. ఆదివారం

సాక్ష్యాలున్నవాళ్ళు లేవండి అన్నారు. లేచాను. మనూ నా చెయ్యి వదల్లేదు. మెట్టు ఎక్కేటప్పుడు పడి చస్తాననే అనుకున్నాను.

నా బిడ్డకు తగ్గలేదు, నేను చెప్పింది విని ఒక పిల్ల చావు దాకా వెళ్ళొచ్చింది, ఎవ్వరూ సూది ఆపకండి అన్నాను. గోవిందమ్మ పాట అందుకుంది. డోలక్ మొదలైంది. నా మాట మునిగిపోయింది. పాట ఆగేదాకా నిలబడ్డాను. ఆగగానే మళ్ళీ చెప్పాను. మళ్ళీ పాట. మూడోసారి అయ్యగారే డోలక్ మీద చెయ్యి పెట్టి ఆపాడు.

చెప్పి దిగాను. ఎవ్వరూ హల్లెలూయా అనలేదు. చెప్పులేసుకుంటుంటే ఎవరో ముసలమ్మ నా వీపు మీద చెయ్యి వేసి తీసేసింది.

ఫిబ్రవరి 20

మా ఆయన ఇంటికొచ్చాడు. మనూ ఎదురెళ్ళలేదు. నేనే దగ్గరికెళ్ళి వాసన చూశాను. లేదు. నేను పెట్టిన అన్నం మాత్రం ముట్టలేదు. మనూకి సూది ఆయనే వేశాడు.

ఫిబ్రవరి 26

వీడియో తీసేశారు. అయినా ఎవరెవరో వాట్సాప్‌లో పంపుకుంటూనే ఉన్నారు, నంబర్‌తో సహా. మేళ్లచెరువు నుంచి ఒకరు, ఇంకెక్కడి నుంచో ముగ్గురు. అందరిదీ ఒకటే ప్రశ్న. తగ్గలేదమ్మా, సూది ఆపకండి అంటే ఒకాయన నన్నే తిట్టాడు, సాతాను మీతోని పలికిస్తుండు అని. స్కూల్లో ఫోన్ పక్కన పెట్టమన్నారు ప్రిన్సిపాల్. కుదరదు సార్ అన్నాను.

మార్చి 4. సోమవారం

ఇవాళ తొమ్మిది ఫోన్లు. ఎనిమిది ఎత్తాను.

తొమ్మిదోది నేను స్నానానికి వెళ్ళినప్పుడు వచ్చింది. తిరిగి చేస్తే స్విచాఫ్.

మళ్ళీ చేస్తున్నాను.